ఇంద్రవెల్లి దారిలో చలికాలం: ఒక బండి ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకునే బండి 2008లో తయారైన హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. ఇంజను 97.2 సీసీ, సిలిండరు ఒకటే, గేర్లు నాలుగు, బ్రేకులు రెండూ డ్రమ్ములే. నంబరు పలక మీద ఇప్పటికీ ఏపీ 01 అనే ఉంది. తెలంగాణ రాకముందు ఆదిలాబాద్ జిల్లా బండ్లకు ఆ అంకె ఇచ్చేవారు. యజమాని సర్కారు బడి పంతులు. కాపురం ఆదిలాబాద్ పట్నంలో, కొలువు ఇంద్రవెల్లి మండలంలో. మావల మీదుగా జాతీయ రహదారి పట్టి గుడిహత్నూరు దాకా, అక్కడ తూర్పుకు మళ్లి ముత్నూరు మీదుగా ఇంద్రవెల్లికి, మొత్తం నలభై కిలోమీటర్లకు అటూ ఇటూ. ఎండాకాలంలో, వానల్లో ఈ దారి గురించి వేరే వాళ్లు చెప్పగలరు. దీపావళి వెళ్లింది మొదలు శివరాత్రి దాకా సాగే ప్రయాణమే ఇక్కడ విషయం.

ఆదిలాబాద్ తెలంగాణకు ఉత్తరపు కొస. సముద్రం దూరం కాబట్టి రాత్రిపూట వేడిని పట్టి ఉంచే తేమ గాలిలో తక్కువ. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. పైగా మధ్య భారతం మీదుగా పొడి ఉత్తరపు గాలి దిగుతుంది. మధ్యాహ్నం 28 డిగ్రీలున్న చోటే తెల్లవారుజామున 6, 7 డిగ్రీలుండటం డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ వింత కాదు. ఆ చలి కూడా దారి పొడుగునా ఒకేలా ఉండదు. చల్లబడ్డ గాలి బరువెక్కి పల్లానికి జారుతుంది. అందుకే మిట్ట మీద ఓర్చుకోదగ్గ చలి, వాగు మీది కల్వర్టులోకి దిగేసరికి మోకాళ్లను కోస్తుంది. అవతలి ఎత్తు ఎక్కగానే మళ్లీ కాస్త నయం. నాలుగు చక్రాల వాళ్లకు తెలియని భూగోళం ఇది.

పొద్దున మొదటి గండం స్టార్ట్ కావడం. పెట్రోలు ద్రవంగా ఉంటే అంటుకోదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. చలిలో అది సరిగా ఆవిరి కాదు. అయిన కొద్దిపాటి కూడా చల్లని గొట్టం గోడకు, సిలిండరు గోడకు చెమ్మలా అంటుకుంటుంది. ప్లగ్గు దగ్గరికి చేరే మిశ్రమం పలచన. చోక్ చేసే పనల్లా కార్బురేటర్‌లోకి వచ్చే గాలికి అడ్డుపడటం. గాలి తగ్గితే లోపల పీల్పు పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ వస్తుంది, అందులో ఆవిరైన పాలు మండటానికి సరిపోతుంది. ఈ సంగతి తెలియని యజమాని మొదటి చలికాలంలో చోక్ వేయకుండా, ఎక్సలేటర్ తిప్పుతూ కిక్కు మీద కిక్కు కొట్టేవాడు. ప్లగ్గు తడిసి ముద్దయ్యేది. వీధి చివరి మెకానిక్ ప్లగ్గు విప్పి, తుడిచి, బిగించి ఒక్క మాటలో తేల్చాడు: "సార్, చలికి ఇది గట్లనే మొండికేస్తది. చోక్ వేసి, ఎక్సలేటర్ ముట్టకుండ రెండు కిక్కులు కొట్టుండ్రి." చోక్ వేసినంత ముఖ్యం దాన్ని తీయడం. మరిచి నడిపితే మైలేజీ పడిపోతుంది, ప్లగ్గుకు మసి పడుతుంది, అదనపు పెట్రోలు సిలిండరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది.

ముందు తరాలతో పోలిస్తే ఈ కష్టం చిన్నది. చేతక్ స్కూటరును చలికాలం పొద్దున ఒక పక్కకు వంచి, లేపి, అప్పుడు కిక్కు కొట్టేవారు. కార్బురేటర్‌కు కాస్త ఎక్కువ పెట్రోలు చేరాలని. ఆర్ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్లు లేస్తూనే వీధంతా నీలి పొగ నింపేవి. 1985లో సీడీ 100, 1994లో స్ప్లెండర్ వచ్చాక ఫోర్ స్ట్రోక్ ఇంజను ఇంటింటి వస్తువైంది. బ్యాటరీ చలికి నీరసపడి హారన్ మూలిగినా ఈ రకం బండి కిక్కుతో లేస్తుంది. ప్లగ్గుకు కావలసిన కరెంటు మాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీతో పని లేదు. కొత్తగా సెల్ఫ్ బటన్ అలవాటైన వాళ్లు కిక్ రాడ్ విలువ జనవరిలోనే తెలుసుకుంటారు.

లేచాక కాసేపు మెల్లగా పోవాలి. రాత్రంతా చల్లబడ్డ ఇంజన్ ఆయిల్ చిక్కగా ఉండి పై భాగాలకు చేరడానికి కాస్త సమయం తీసుకుంటుంది. అందుకని ఇంటి ముందే పావుగంట నిలబెట్టి రయ్యిమనిపించడం మంచిదని కాదు. అలా చేసేవాళ్లు పెట్రోలును, పక్కింటివాళ్ల నిద్రను పాడుచేస్తారు. అర నిమిషం, ఒక నిమిషం చాలు, ఆ తర్వాత తొలి రెండు మూడు కిలోమీటర్లు ఎక్సలేటర్ ఎక్కువ తిప్పకుండా నడిపితే ఇంజను దానంతటదే వేడెక్కుతుంది. ఆ సమయంలో సైలెన్సర్ నుంచి తెల్లని ఆవిరి వస్తుంది, అంచున నీటి చుక్కలు జారతాయి. చూసినవాళ్లు పెట్రోల్ బంకువాడు నీళ్లు కలిపాడని అనుమానిస్తారు. నిజానికి ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఎండాకాలంలో అది కనిపించకుండా పోతుంది, చలిలో చల్లని గొట్టం లోపల చుక్క కడుతుంది. పది నిమిషాలైనా నడవని బండికి ఈ నీరే శత్రువు: సైలెన్సర్ లోపల తుప్పు పడుతుంది, ఆయిల్ మూత లోపల మీగడ రంగు పేరుకుంటుంది. రోజూ ఇంత దూరం పోయే ఈ బండికి ఆ రోగం లేదు. కూరగాయల మార్కెట్ దాకా పోయి వచ్చే ఇంటి పక్క బండికి ఉంది.

టైర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. మధ్యాహ్నం 28 డిగ్రీల ఎండలో 28 పౌండ్ల గాలి పట్టించిన టైరులో తెల్లారేసరికి, పంక్చరు లేకుండానే, సుమారు మూడు పౌండ్లు తగ్గి ఉంటుంది. గాలి చల్లబడి కుదించుకుపోవడమే కారణం. మెత్తబడ్డ టైరుతో బండి ఈడ్చినట్టు నడుస్తుంది, మలుపులో బరువుగా తిరుగుతుంది. కేబుళ్లది ఇంకో తంతు. క్లచ్ కేబుల్లో పాత గ్రీజు ఉంటే చలికి గట్టిపడి, అసలే పట్టు లేని వేళ్లతో రెండింతలు బలం అడుగుతుంది. మంచుకు తడిసిన డ్రమ్ము బ్రేకు తొలిసారి నొక్కినప్పుడు ఒకసారి జారుతుంది, ఒకసారి గబుక్కున పడుతుంది. మావల దాటేలోపు రెండు సార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టుకోవడం మేలు.

ఇంతవరకు చెప్పింది యంత్రం బాధ. అది గుడిహత్నూరుకు ముందే తీరిపోతుంది. గాలి వేగం లోహాన్ని త్వరగా చల్లబరచగలదు కానీ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా చేయలేదు. 6 డిగ్రీల పొద్దున ఎంత వేగంగా పోయినా ఇంజను బయటి భాగం 6 డిగ్రీల కిందికి దిగదు. మండుతూ ఉంది కనుక దిగే ప్రశ్నే లేదు. మనిషి సంగతి వేరు. ఒంటి వేడి చర్మాన్ని ఆనుకుని పలచని వెచ్చని గాలి పొరను కట్టుకుంటుంది. వేగం ఆ పొరను ఊడ్చేస్తుంది, ఒళ్లు మళ్లీ కడుతుంది, గాలి మళ్లీ ఊడుస్తుంది. ఈ నష్టాన్ని 1940ల తొలినాళ్లలో అంటార్కిటికాలో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ నీళ్లు గడ్డకట్టే వేగాన్ని బట్టి కొలిచారు. 2001లో అమెరికా, కెనడా వాతావరణ శాఖలు కొత్త సూత్రం తెచ్చాయి. దాని ప్రకారం 6 డిగ్రీల గాలిలో గంటకు 50 కిలోమీటర్ల వేగం ముఖానికి సున్నా డిగ్రీల చలిలా తగులుతుంది.

మరి నెమ్మదిగా పోతే? ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. అదే సూత్రంలో 30 కిలోమీటర్లు వేసి చూస్తే సుమారు ఒక డిగ్రీ వస్తుంది. అంటే వేగం 20 కిలోమీటర్లు తగ్గించినా దక్కేది డిగ్రీ కంటే కాస్త ఎక్కువ. చలిలో ఉండే సమయం మాత్రం 48 నిమిషాల నుంచి 80కి పెరుగుతుంది. మంచు లేని, దారి కనిపించే రోజున చలికి భయపడి పాకుతూ పోవడంలో లాభం లేదు. దారి మధ్యలో ఆగడంలో ఉంది.

ఇంకో అన్యాయం కూడా ఈ బండి దాచుకోదు. తాగిన పెట్రోలులో నాలుగో వంతు శక్తి చక్రానికి పోతే, మిగిలింది వేడిగా బయటికి పోతుంది. 50 కిలోమీటర్ల వేగంలో ఆ వ్యర్థమయ్యే వేడి రెండు వేల వాట్ల రూమ్ హీటర్లు రెండింటికి దాదాపు సమానం. అదంతా రెండు కాళ్ల మధ్య పుట్టి, గాలితో వెనక్కి కొట్టుకుపోతుంది. కారువాడు అదే వేడిని గొట్టంతో లోపలికి మళ్లించుకుంటాడు. బండివాడికి దక్కేది పిక్కలకు తగిలే కాస్త వెచ్చదనం.

ముందు దెబ్బ తినేది చేతులు. శరీరం గుండెను, పేగులను కాపాడుకోవడానికి వేళ్లకు రక్తం తగ్గిస్తుంది. చర్మం 15 డిగ్రీల దాకా చల్లబడితే వేళ్ల నేర్పు తగ్గడం మొదలవుతుంది; ఇంకా దిగితే స్పర్శ పోతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. బ్రేకు మీద వేలు ఉందో లేదో చూస్తే తప్ప తెలియదు. 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టడం అర సెకను ఆలస్యమైతే బండి ఏడు మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుగా ఎడ్లబండి ఉన్నప్పుడు ఏడు మీటర్లు చాలా దూరం.

దీనికి యజమాని కనిపెట్టిన, అరువు తెచ్చుకున్న ఉపాయాలు ఈ బండి ఎదుటే జరిగాయి. స్వెట్టర్ ఒక్కటే వేసుకుంటే దాని కన్నాల్లోంచి గాలి దూసుకుపోతుంది; లోపల స్వెట్టర్, పైన వానకోటు వేస్తే అదే స్వెట్టర్ రెండింతలు పని చేస్తుంది. వానకోటు లేనివాళ్లు నిన్నటి దినపత్రికను నాలుగు మడతలు వేసి చొక్కా లోపల ఛాతీకి అడ్డంగా పెట్టుకుంటారు. చూడటానికి మోటుగా ఉన్నా గాలిని ఆపడంలో కాగితానికి తిరుగు లేదు. ఉన్ని గ్లౌజుల మీద పాలిథీన్ కవరు తొడగడమూ ఆ కోవదే, కాకపోతే కవరు ఎక్సలేటర్ మీద జారుతుంది, అది ప్రమాదం. మంకీ క్యాప్ మీద హెల్మెట్ అంటే ఇంకో చిక్కు. దళసరి ఉన్ని టోపీ లోపల ఉంటే హెల్మెట్ తలను పట్టుకోదు, కిందపడితే ఊడిపోతుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్ పెట్టుకోమనడంతో పాటు పట్టీ బిగించుకోమని కూడా అంటుంది. పలచని నూలు ముసుగు సరిపోతుంది. ఊపిరికి అద్దం మసకబారితే వేలు పట్టేంత సందు తెరవాలి. ఆ సందులోంచి వచ్చే గాలికి కళ్ల వెంట నీళ్లు కారతాయి, తప్పదు.

పొగమంచు రోజులు తక్కువే గానీ అవి వేరే లెక్క. ఈ బండి హెడ్‌లైటుకు కరెంటు నేరుగా మాగ్నెట్ నుంచి వస్తుంది, కాబట్టి ఇంజను జోరు తగ్గితే వెలుతురూ తగ్గుతుంది. మంచులో నెమ్మదించాలి, నెమ్మదిస్తే దీపం కునుకుతుంది. దారి ఒక్కటే: గేరు తగ్గించి, ఇంజను జోరు మాత్రం నిలుపుకుని పోవడం. డిప్పర్ పైకి వేస్తే మంచు తెల్లని గోడలా ఎదురు నిలుస్తుంది, కిందికే ఉంచాలి. రోడ్డు అంచున తెల్ల గీత ఉన్నంత దూరం అదే దిక్కు. పత్తి కాలం కావడంతో ఆదిలాబాద్ మార్కెట్ యార్డు వైపు లోడు బండ్లు చీకటితోనే బయలుదేరతాయి. ట్రాలీకి రెండు పక్కలా ఉబ్బిన పత్తి వెనక దీపాలను కప్పేస్తుంది. రేడియం స్టిక్కర్ ఉన్న ఎడ్లబండి దూరం నుంచే మెరుస్తుంది, లేనిది దగ్గరికొచ్చాకే కనిపిస్తుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర మొదలైతే ఇంద్రవెల్లి దారి రాత్రింబవళ్లు కిక్కిరిసి ఉంటుంది. ముగ్గురేసి ఎక్కిన బండ్లు, దుప్పట్లు కప్పుకున్న జనం. దుప్పటి కొంగు వెనక చక్రంలో చిక్కుకునే భయం ఆ రోజుల్లోనే ఎక్కువ.

గుడిహత్నూరు అడ్డరోడ్డు దగ్గర చాయ్ కోసం ఆగినప్పుడు యజమాని చేసే మొదటి పని గ్లాసు అందుకోవడం కాదు. గ్లౌజులు విప్పి ఇంజను హెడ్డు రెక్కల మీద ఆరేస్తాడు, అరచేతులు దానికి జానెడు దూరంలో పెడతాడు. ముట్టుకుంటే కాలుతుంది, మొద్దుబారిన చేతికి ఆ కాలడం కూడా ఆలస్యంగా తెలుస్తుంది, అందుకే దూరం. పక్కన టైరు ముక్కతో రాజేసిన చలిమంట ఉన్నా దాని పొగ కంటే ఇదే నయం.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో చెప్పుకోవలసింది లేదు, పొద్దుగూకేలోపు మావల చేరితే చాలు.

2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నిబంధనలు రావడంతో కొత్త స్ప్లెండర్లలో కార్బురేటర్ పోయి ఫ్యూయెల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజను ఎంత చల్లగా ఉందో సెన్సర్ చెబుతుంది, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ లెక్క వేస్తుంది, చోక్ మీట లేదు. చలికాలంలో బండి పడే పాట్లు దాదాపు తీరిపోయాయి. మనిషి పడే పాట్లలో ఒక్కటీ తగ్గలేదు. హ్యాండిల్‌కు గాలి ఆపే కవచాలు కావాలంటే కొనుక్కుని బిగించుకోవలసిందే. ఈ పాత బండికి మాత్రం ఏటా రెండు సర్దుబాట్లు తప్పవు. కార్తీకంలో మెకానిక్ స్క్రూ తిప్పి ఐడ్లింగ్ కాస్త పెంచుతాడు, ఆగినప్పుడల్లా ఇంజను చావకుండా. చలి శివ శివా అంటూ పోయాక మళ్లీ తగ్గిస్తాడు, దాంతోపాటు క్లచ్ కేబుల్‌కు ఆయిల్ వేసి, చైను బిగించి, ప్లగ్గు మసి గీకి ఇస్తాడు.