ఆకులో పుట్టి, చర్మం దాటి

నా పేరు అమైనో లెవులినిక్ ఆమ్లం. డాక్టర్లు పొట్టిగా ఏఎల్‌ఏ అంటారు. కంటికి ఆనని చిన్న అణువునైనా జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల నేను లేని చోటంటూ లేదు. తేలిక నేలల్లో ఎదిగే వర్జీనియా పొగాకులో, ఆయిల్‌పామ్ మట్టల్లో, కొల్లేటి నాచులో, ఆ నాచు మేసే చేపలో, ఆ చేపను పులుసు పెట్టుకునే మనిషిలో క్షణక్షణం పుడుతూనే ఉంటాను.

మేం ఎనిమిది అణువులం కలిస్తే ఒక పోర్ఫిరిన్ చక్రం తయారవుతుంది. దాని నడుమ మెగ్నీషియం కూర్చుంటే ఆకుకు పచ్చదనం వస్తుంది, ఇనుము కూర్చుంటే నెత్తురుకు ఎర్రదనం వస్తుంది. చేనుకూ రైతుకూ రంగు ఇచ్చింది మా వంశమే. అది నాకెంతో గర్వం.

ఇనుము ఇంకా చేరని చక్రాన్ని ప్రోటోపోర్ఫిరిన్ అంటారు. దానిమీద వెలుగు పడితే ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తుంది. అలా చురుకెక్కిన ఆక్సిజన్ తానున్న కణాన్నే చంపేస్తుంది. మామూలు ఒంట్లో ఈ ప్రమాదం రాదు. ఇనుము చేరిన చక్రమైన హీమ్ సరిపడా తయారవగానే నా పుట్టుక తగ్గిపోతుంది. బయటి నుంచి నన్ను పూస్తే మాత్రం ఆ అదుపు పనిచేయదు. పైగా క్యాన్సర్ కణాల్లో ఇనుము చేర్చే పని వెనకబడి చక్రాలు పేరుకుపోతాయి. అప్పుడు 635 నానోమీటర్ల ఎర్రటి వెలుగు వేస్తే జబ్బు కణాలు చస్తాయి, చుట్టుపక్కల చర్మం చాలావరకు నిలుస్తుంది.

వెలుగును మందుతో జోడించడం కొత్తేమీ కాదు. బొల్లి మచ్చలకు బావంచాల గింజలు నూరి రాసి ఎండ చూపించడం మన వైద్యంలో పాత పద్ధతి. 1903లో మ్యూనిక్‌లో టాపైనర్, జెసియోనెక్ అనే వైద్యులు చర్మ క్యాన్సర్‌కు ఇయోసిన్ రంగు పూసి వెలుగు పెట్టి చూశారు. నా వంతు 1990లో వచ్చింది. కెనడాలోని కింగ్‌స్టన్‌లో కెనెడీ, పాటియర్ బృందం నన్ను చర్మానికి పూసి చేసిన వైద్యాన్ని లోకానికి తెలిపింది. ఎండ దెబ్బకు చర్మంపై లేచే గరుకు మచ్చలకు నన్ను వాడవచ్చని 1999లో అమెరికా అనుమతి ఇచ్చింది.

అసలు కష్టం చర్మం దగ్గరే ఉంది. దాని పై పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో చిన్న వంతు. చచ్చిన కణాలు ఇటుకల్లా, వాటి మధ్య కొవ్వు సున్నంలా పేర్చిన గోడ అది. నేను నీళ్లలో ఇట్టే కరుగుతాను, కొవ్వులో కలవను. అందుకే ఆ గోడ దగ్గర ఆగిపోతాను.

మా ఊరి పొగాకు తోటలో నాకు కలుక్కుమనే సంగతి ఇదే. మంచుకు తడిసిన ఆకు కొట్టే కూలీల చేతుల గుండా నికోటిన్ ఒంట్లోకి దిగిపోతుంది. కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. ఆ నికోటిన్ బరువు 162 డాల్టన్లు. నాది 131 మాత్రమే. నాకన్నా బరువైనదే అయినా, నీళ్లలోనూ కొవ్వులోనూ కలిసే గుణం ఉంది కాబట్టి అది దాటిపోతుంది. ఒకే ఆకులో ఉంటాం. విషానికి దొరికిన దారి మందుకు దొరకలేదు. అందుకే ఆకు కొట్టే తల్లులారా, చేతులకు తొడుగులు వేసుకోండి, తడిసిన బట్టలు వెంటనే మార్చుకోండి.

నాకు దారి చేయాలని శాస్త్రవేత్తలు ఎన్నో ఉపాయాలు పన్నారు. మొదటిది సులువు. మచ్చ మీది పొలుసులు మెల్లగా గీకి, మందు పూసి, గాలి చొరకుండా కట్టు కడతారు. చెమ్మకు పొర మెత్తబడుతుంది. రెండోది నాకు మిథైల్ తోక తగిలించడం. దాంతో నాకు కొవ్వుతో పొత్తు కుదురుతుంది. కణంలోకి వెళ్లాక అక్కడి ఎంజైములు తోక కోసేస్తాయి, నేను మళ్లీ నేనవుతాను. మూడోది నానో ఎమల్షన్ జెల్, 2011లో యూరప్ దాన్ని ఒప్పుకుంది.

సన్నని విద్యుత్తుతో నెట్టడమూ ఉంది. కానీ చర్మంలో నా మీద ధన, రుణ ఆవేశాలు రెండూ ఉండి ఒకదాన్నొకటి కొట్టేస్తాయి, ఆ నెట్టు నాకు అంతగా పనిచేయదు. తోక ఉన్న నా రూపాలకు ధనావేశమే మిగులుతుంది కనుక అవి ఇంకాస్త చురుగ్గా కదులుతాయి.

నాకు ఎక్కువ ఆశ కలిగించినవి సూక్ష్మ సూదులు. 1998లో అమెరికాలోని జార్జియా టెక్‌లో ప్రౌస్నిట్జ్ బృందం వీటితో చర్మానికి కంటికి కనపడని రంధ్రాలు చేసి, మందులు ఎన్నో రెట్లు ఎక్కువగా దాటతాయని చూపింది. పై పొర దాటడమే వాటి పని, లోతున నొప్పి తెలిసే నరాల జోలికి దాదాపు పోవు. బెల్‌ఫాస్ట్‌లో డొనెల్లీ బృందం వాటి సాయంతో నన్ను కూడా లోపలికి పంపింది. లేజర్‌తో సన్నని రంధ్రాలు చేసే పద్ధతీ వచ్చింది. పనయ్యాక ఆ రంధ్రాలు వాటంతటవే పూడుకుంటాయి. ఒంటిని కాచే గోడను కూలగొట్టకుండా మందుకు దారివ్వడమే వీటన్నిటి గొప్ప.

ఇక వెలుగు సంగతికొస్తే, డెన్మార్క్ వైద్యులు దీపం బదులు పగటి వెలుగునే వాడి చూశారు. మందు పూసి, రోగిని రెండు గంటలు ఆరుబయట ఉంచితే మంట కూడా తగ్గింది. ఎండకు కొదవలేని మన సీమకు ఇది ఆశ పుట్టించే మాట. కానీ మన చామనఛాయ చర్మంలో మెలనిన్ వెలుగును కొంత మింగేస్తుంది. ఎంత మందు, ఎంతసేపు, ఎంత వెలుగు అన్న లెక్క తెల్లచర్మం నుంచి అరువు తెచ్చుకుంటే చాలదు, మన చర్మం మీదే కట్టాలి.

ఎన్ని దారులు వేసినా నా పని పైపైనే, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతు వరకే. లోపలికి పాకిన గడ్డ చాలావరకు కత్తికే లొంగాలి. కాబట్టి మానని పుండునూ, గరుకెక్కి పెరుగుతున్న మచ్చనూ నెలల తరబడి పసరు కట్లతో దాచకండి, చర్మ వైద్యుడికి చూపించండి. ఏ జబ్బుకు నేను పనికొస్తానో, దేనికి కోత కావాలో ఆయన తేలుస్తాడు. జబ్బు పై పొరల్లో ఉండగా పిలిస్తేనే నా బలమంతా మీకు ఉపయోగపడుతుంది.