పట్టేదాన్ని పట్టేదాన్ని పట్టేది

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో గంటకు 194 మైళ్లు పోగల షెవర్లే కార్వెట్‌ని ఎవరైనా కొనుక్కోవచ్చు. బ్యాంకువాళ్లు పిలిచి అప్పిస్తారు. బీమావాళ్లు కాస్త మొహం చిట్లించి అయినా బీమా ఇస్తారు. రాష్ట్ర ప్రభుత్వం నంబరు ప్లేటు ఇస్తుంది, కొంత సొమ్ము ఎక్కువిస్తే మీకు ముచ్చటైన అక్షరాలు కూడా దాని మీద వేసిస్తుంది. అదే రాష్ట్రంలో ఏ రోడ్డు మీదా 70 మైళ్లు దాటకూడదు. 85 దాటితే అది చలానాతో పోయే తప్పు కాదు, నేరం: ఏడాది దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా. మరి మిగిలిన 109 మైళ్లు ఎందుకు అమ్మారయ్యా అని అడగకండి. అది వ్యాపారం.

కానీ ఆ కారు అద్దానికి అరచేతిలో ఇమిడే ఒక నల్లపెట్టె తగిలించారనుకోండి, వర్జీనియా ఉలిక్కిపడుతుంది. రాష్ట్రంలోకి అడుగుపెట్టేచోటే బోర్డులు పాతింది, రాడార్ డిటెక్టర్లు ఇక్కడ చట్టవిరుద్ధం అని. వేగం అమ్ముకోవచ్చు, వేగాన్ని కొలిచేవాడు ఎక్కడున్నాడో తెలుసుకోకూడదు. మిగతా 49 రాష్ట్రాల్లో సొంత కారులో ఈ పెట్టె ఉంటే ఎవరూ అడ్డు చెప్పరు, అద్దం మీద ఎక్కడ అతికించాలన్న పట్టింపు కొన్నిచోట్ల ఉన్నా. నిషేధించింది వర్జీనియా, దాని పక్కనే ఉన్న రాజధాని వాషింగ్టన్. దేశానికి చట్టాలు చేసేవాళ్లంతా ఆ చుట్టుపక్కలే కార్లు నడుపుతారు గనుక, ఈ జాగ్రత్త వెనక స్వానుభవం ఏమైనా ఉందేమో మనకు తెలియదు.

ఇంతకీ ఆ పెట్టె చేసే ఘోరమేమిటి? వినడం. పోలీసు రాడార్ వదిలిన తరంగం కదిలే బండికి తగిలి తిరిగివచ్చేటప్పుడు దాని ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. ఎంత మారిందో లెక్కగడితే వేగం తెలుస్తుంది. 1842లో డాప్లర్ అనే ఆస్ట్రియా పండితుడు నక్షత్రాల రంగుల గురించి చెప్పిన సూత్రమది. పాపం ఆయన ఆకాశంలోకి చూసి చెప్పాడు, 1947 నాటికి కనెక్టికట్ పోలీసులు దాన్ని రోడ్డు పక్కకు దించారు. నల్లపెట్టె చెవికి ఆ తరంగం దూరం నుంచే సోకుతుంది, వెంటనే కీచుమంటుంది. అంతకు మించి దానికేమీ రాదు.

ఈ పెట్టెకు పెద్ద గిరాకీ తెచ్చింది ప్రభుత్వమే. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేస్తే, 1974 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్ దేశమంతటికీ 55 మైళ్ల పరిమితి విధించాడు. ఎడారిలో గీత గీసినట్టు సాగే రహదారి మీద 55 అంటే అమెరికావాడికి గృహనిర్బంధమే. అప్పటికే ఫజ్‌బస్టర్ అనే పెట్టె ఒకటి ఉంది, లారీవాళ్లూ కార్లవాళ్లూ ఎగబడి కొన్నారు. 1978లో సిన్సినాటిలో జిమ్ యేగర్, మైక్ వాలెంటైన్ అనే ఇద్దరు మిత్రులు ఎస్కార్ట్ అనే మెరుగైన పెట్టె తెచ్చారు. తర్వాత మిత్రులు విడిపోయారు. వాలెంటైన్ 1992లో సొంత పేరుతో ఇంకో పెట్టె వదిలాడు. పోలీసు ఉన్నాడని చెప్పి ఊరుకోకుండా ముందున్నాడా, వెనకున్నాడా, పక్కనున్నాడా అని బాణం గుర్తుతో చూపించే పెట్టె అది. 55 మైళ్ల చట్టాన్ని 1995లో ఎత్తేశారు. పెట్టె మాత్రం పోలేదు. జబ్బు తగ్గినా మందుల కొట్టు మూయరు కదా.

ఇక వైరింగ్ సంగతి. పెట్టెతోపాటు ఒక చుట్టల వైరు వస్తుంది, సిగరెట్ లైటర్ సాకెట్లో గుచ్చుకుంటే చాలు, పనిచేస్తుంది. కానీ అరవై వేల డాలర్లు పోసి కొన్న స్పోర్ట్స్ కారులో వైరు వేలాడితే యజమాని మనసు ఒప్పదు. వైరు కనబడకూడదు. పెట్టె కారుతోపాటే పుట్టినట్టుండాలి. అందుకని శనివారం పొద్దున్నే గ్యారేజీలో పని మొదలవుతుంది.

ఇంట్లో బల్బు మార్చడానికి మూడు వారాలు వాయిదా వేసినవాడే ఆ రోజు మల్టీమీటర్ పట్టుకుని డాష్‌బోర్డు కింద దూరతాడు. ఫ్యూజుల పెట్టె మూత తీస్తాడు. తాళం తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజు ఏదో ఒక్కొక్కటే పరీక్షిస్తాడు. అది దొరికాక ఫ్యూజ్ ట్యాప్ గుచ్చి, పెట్టెకు వేరే చిన్న ఫ్యూజు పెట్టి, బాడీ బోల్టుకు ఎర్త్ ఇస్తాడు. కొందరు తెలివైనవాళ్లు ఇంత దూరం పోరు. లోపలి అద్దం రాత్రిపూట దానంతటదే మసకబారడానికి అక్కడికి ఎలాగూ కరెంటు వస్తుంది, ఆ అద్దం వెనకే కనెక్షన్ కలిపేస్తారు. మూరెడు వైరుతో పని అయిపోతుంది. ఫ్యూజు మార్గం పట్టినవాడు వైరును కారు పైకప్పు గుడ్డ అంచులోకి వేలితో నెట్టుకుంటూ, అద్దం పక్క స్తంభం తొడుగు ఊడదీసి కిందికి దించుకోవాలి. ఆ స్తంభంలోనే ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు. వైరు దాని వెనకనుంచి పోవాలి. ముందునుంచి పోనిచ్చారా, ప్రమాదంలో ప్రాణం కాపాడాల్సిన సంచికి పోలీసు నుంచి కాపాడే వైరు అడ్డం పడుతుంది. ఈ ఒక్క ముక్క మాత్రం నేను వ్యంగ్యంగా రాయడం లేదు.

కొందరు తొందరలో తాళం తీసినా కరెంటు ఆగని ఫ్యూజుకు కలిపేస్తారు. పెట్టె గ్యారేజీలో రాత్రింబవళ్లు గోడల మీద నిఘా వేస్తూ బ్యాటరీ తాగేస్తుంది. కొన్నాళ్లకు కారు స్టార్ట్ కాదు. ఏ రాడార్‌కూ చిక్కని కారు కావాలన్న కోరిక అలా కూడా తీరుతుంది.

వర్జీనియాలో ఆష్‌బర్న్ అని ఒక ఊరుంది, మన తెలుగువాళ్లు కొల్లలు. సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడి, ఇల్లు కొని, పిల్లల్ని కూచిపూడిలో చేర్పించాక ఏదో ఒక పూట మనవాడికి కార్వెట్ గుర్తుకొస్తుంది. అలాంటి ఒకాయన, గుంటూరు నుంచి వచ్చిన తండ్రిని ఎక్కించుకుని మేరీలాండ్ రోడ్డెక్కాడనుకుందాం. పెట్టె కీచుమంది.

"ఏమిట్రా ఆ అరుపు?"

"ముందెక్కడో పోలీసు రాడార్ ఉంది నాన్నా."

"ఉంటే?"

"స్పీడు తగ్గించాలి."

పెద్దాయన ఒకసారి స్పీడోమీటరు వైపు, ఒకసారి రోడ్డు పక్క బోర్డు వైపు చూశారు. "ఆ ముక్క ఆ బోర్డు మీద రాసే ఉంది కదరా. ఇదెంత?"

"ఆరొందల డాలర్లు."

"మన విజయవాడ రోడ్డు మీద ఎదురొచ్చే లారీవాడు లైటు కొట్టి చెబుతాడు. పైసా పుచ్చుకోడు."

కొడుకు మాట్లాడలేదు. మాట్లాడడానికేముంది? బోర్డు చెబితే వినడు, స్పీడోమీటరు చెబితే వినడు, పక్కసీట్లో భార్య చెబితే అసలే వినడు. ఆరొందలు పోసి కొన్న పెట్టె కీచుమనగానే ఠక్కున బ్రేకు మీద కాలు వేస్తాడు. ఈ పరికరం సాధించిన ఘనత ఏదైనా ఉంటే అదే.

అదైనా నిజమే చెబుతుందా అంటే, అదో కథ. సూపర్ మార్కెట్ ముందు దానంతటదే తెరుచుకునే తలుపుల్లో కూడా రాడార్ ఉంటుంది, పాత పోలీసు రాడార్ల ఫ్రీక్వెన్సీలోనే. కూరగాయల కొట్టు దాటినప్పుడల్లా పెట్టె పోలీసు పోలీసు అని గగ్గోలు పెడుతుంది. పక్క లేన్లో బండి ఉందని హెచ్చరించే రాడార్లు ఇప్పటి కార్లలో సర్వసాధారణం, వాటిని చూసినా అరుస్తుంది. అంచేత కంపెనీలు జీపీఎస్ పెట్టి, ఇక్కడ ఉన్నది తలుపే సుమా అని జ్ఞాపకం పెట్టుకునే పెట్టెలు తెచ్చాయి. అరిచే పెట్టె చవక, నోరు మూసుకునే పెట్టె ఖరీదు. ఇదొక్కటి మాత్రం న్యాయంగానే అనిపిస్తుంది.

పోలీసులూ ఊరికే కూర్చోలేదు. కొందరు రాడార్‌ని ఆపి ఉంచి, మీరు దగ్గరికొచ్చాక ఒక్క క్షణం మీట నొక్కుతారు. ఇంకొందరి చేతిలో లేజర్ గన్ ఉంటుంది, సన్నటి కిరణం సూటిగా మీ నంబరు ప్లేటుకు తగులుతుంది. పెట్టె అప్పుడూ అరుస్తుంది, నమ్మకంగా. కాకపోతే అప్పటికి మీ వేగం నమోదై ఉంటుంది. అంటే దొరకబోతున్నారని కాదు, దొరికిపోయారని చెప్పినట్టు. ఆ సంగతి పోలీసాయన రెండు నిమిషాల్లో ఉచితంగా వచ్చి చెబుతాడు. ఇక విమానం నుంచి వేగం కొలుస్తామన్న బోర్డులు కూడా వర్జీనియాలో ఉన్నాయి. రోడ్డు మీద గీసిన రెండు గీతల మధ్య కారు ఎంతసేపట్లో పోయిందో స్టాప్‌వాచీతో చూస్తే లెక్క తేలిపోతుంది. స్టాప్‌వాచీని పసిగట్టే పెట్టె ఇంకా రాలేదు.

అసలు రంజు ఇక్కడుంది. నల్లపెట్టె వినాలంటే తన లోపల తాను కూడా ఒక సన్నని తరంగం పుట్టించుకోవాలి. అది కొంచెం బయటికి కారుతుంది. ఆ కారేదాన్ని పట్టే యంత్రాన్ని చేసి పోలీసులకు అమ్మారు, పేరు వీజీ-2. రాడార్ డిటెక్టర్ డిటెక్టర్ అన్నమాట. కంపెనీలు వెంటనే, వీజీ-2 దగ్గర్లో ఉంటే కనిపెట్టి చెప్పే పెట్టెలు తెచ్చాయి. అది రాడార్ డిటెక్టర్ డిటెక్టర్ డిటెక్టర్. దానికీ చిక్కని స్పెక్టర్ అనే యంత్రం పోలీసుల చేతికొచ్చింది. ఇన్ని యంత్రాలూ అమ్ముడుపోయాయి, అందరికీ లాభాలొచ్చాయి. రోడ్డు మీద పరిమితి మాత్రం ఇప్పటికీ 70 దాటలేదు.

ఆష్‌బర్న్ ఆసామి ఇంకా మేరీలాండ్‌లోనే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి రావాలి కదా. మధ్యలో పొటోమాక్ నది, దాని మీద అమెరికన్ లీజియన్ వంతెన. రాజుల కాలం నాటి దానపత్రం ధర్మమా అని అక్కడ నది మేరీలాండ్‌కే చెందుతుంది, హద్దు వర్జీనియా ఒడ్డున ఉంది. కాబట్టి వంతెన దాటుతున్నంతసేపూ పెట్టె మర్యాదగల పెట్టె. ఒడ్డు తగలగానే నేరవస్తువు. వర్జీనియా చట్టం ఒక దారి వదిలింది: పెట్టెకు కరెంటు సరఫరా లేకుండా, డ్రైవరుకు గానీ పక్కవాళ్లకు గానీ అందకుండా ఉంటే శిక్ష లేదు. సాకెట్లో గుచ్చిన వైరైతే ఒక్క లాగుతో ఊడొచ్చేది. మనవాడు శనివారమంతా కూర్చుని, ఊడకుండా, కనబడకుండా, కారుతోపాటే కరెంటు వచ్చేలా బిగించిన వైరింగ్ ఇప్పుడు చట్టం అడిగిన సాక్ష్యానికి సరిగ్గా సరిపోతుంది.

పట్టుబడితే పెట్టెను సాక్ష్యంగా తీసుకోవచ్చు. జప్తు చేయరు, ఆ రాష్ట్రం అంత మొరటుది కాదు. కేసు తేలాక తిరిగి ఇస్తారు, కావాలంటే మీరు చెప్పిన చిరునామాకు పోస్టులో పంపిస్తారు. పోస్టు ఖర్చు మాత్రం మీదే.

కనుక అటువైపు వెళ్లే తెలుగు కార్వెట్ యజమానులకు మనవి. వంతెన ఎక్కకముందే ఎక్కడైనా పక్కకు ఆపి, పెట్టెకు వైరు ఊడబీకండి. ఇప్పటి కార్వెట్‌కు ఇంజను నడిమధ్యలో ఉండటంతో సామాను పెట్టుకోవడానికి ముందొక చోటు, వెనకొక చోటు ఉన్నాయి. రెండింట్లో ఏదో ఒకదాంట్లో పెట్టండి. వర్జీనియాలో ఆ పెట్టెకు చట్టం ఒప్పుకున్న స్థానం అదే.