యాంపు పద్యానికి టీకా తాత్పర్యాలు

ఆ. ప్లగ్గు పీకి పిదప భయముతో తెరువుమా
నిలువ యున్న విషము నేల దింపి
హమ్ము మాన్పుమయ్య యరుపు మాన్పకుమయ్య
పాత వాల్వు జోలి పాపమయ్య

అవతారిక. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఫెండర్ కంపెనీ 1950లలో ఛాంప్ అని ఒక బుల్లి గిటారు యాంపు చేసింది. మూడు వాల్వులు, ఎనిమిది అంగుళాల స్పీకరు, ఒకే ఒక్క నాబు, ఐదు వాట్ల సత్తా. అలాంటిదాన్ని ఎవరి గరాజిలోనో బేరమాడి కొని, తెచ్చీ తేగానే ప్లగ్గు పెట్టబోతున్న శిష్యుణ్ణి గురువు చెయ్యి పట్టి ఆపి చెప్పిన ఆటవెలది ఇది. కర్త పేరు తెలియదు. వ్యాఖ్యాతే రాసుకున్నాడని గిట్టనివాళ్లు అంటారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం.

కాలము. పద్యానిది తేలదు గాని పెట్టెది తేలుతుంది. లోపల అంటించిన వాల్వుల పట్టికలో రెండక్షరాల ముద్ర ఉంటుంది: మొదటిది ఏడాది, రెండోది నెల. ‘జి ఇ’ అంటే 1957 మే. ట్రాన్స్‌ఫార్మరు మీద 606తో మొదలయ్యే అంకెలుంటే అది షూమాకర్ వారి చేత; వెనక వచ్చే అంకెలు ఏడాదినీ వారాన్నీ చెబుతాయి. ట్రాన్స్‌ఫార్మరు వయసు పెట్టె వయసు కంటే తక్కువని తేలితే, అది మధ్యలో ఎవరో చొప్పించినది. కొన్నిటిలో ఒక మూల మాస్కింగ్ టేపు ముక్క మీద స్త్రీ పేరు కూడా కనబడుతుంది. ఆ తీగలన్నీ అతికిన లేఖకురాలు ఆమె. వేమన కాలం ఇంత సులువుగా తేలి ఉంటే ఎంత కాగితం మిగిలేదో!

ప్రతిపదార్థము. ప్లగ్గు పీకి = స్విచ్చి ఆపి ఊరుకోక, గోడ నుంచి ఊడబెరికి; పిదప = అటు తర్వాతనే; భయముతో = ఒక చెయ్యి జేబులో పెట్టుకొని; తెరువుమా = వెనక పలక మరలు విప్పుమా; నిలువ యున్న విషము = ఫిల్టరు కెపాసిటర్లలో పొంచి ఉన్న మూడు వందల పైచిలుకు వోల్టులను; నేల దింపి = రెసిస్టరు గుండా చాసీకి జారవిడిచి; హమ్ము = గుయ్యిమనే రొదను; మాన్పుమయ్య = కుదుర్చుమయ్యా; అరుపు = గిటారు గొంతు చించుకొనుటను; మాన్పకుమయ్య = అలాగే ఉండనీయుమయ్యా; పాత వాల్వు జోలి = పనిచేస్తున్న వాల్వును మార్చబూనుట; పాపమయ్య = దండుగ (లక్షణార్థం).

తాత్పర్యము. స్పష్టమే.

విశేషములు. ‘ప్లగ్గు’కు ‘భయము’తో యతి కుదిరింది. ఇది కవి చమత్కారం కాదు, అనుభవం. ఆనాటి ప్లగ్గుకు రెండే కాళ్లు, ఎర్తు కాలు లేదు. గిటారు తీగలేమో చాసీకి కలిసి ఉంటాయి. చాసీలోకి కరెంటు దిగిందా, వాయించేవాడు పాడబోయి మైకుకు పెదవి తగిలించినప్పుడు తెలుస్తుంది. పైగా ఆ రోజుల్లో చాలా యాంపుల్లో కరెంటు తీగకూ చాసీకీ మధ్య ఒక కెపాసిటరు పెట్టేవారు. మెకానిక్కులు దాన్ని మృత్యు కెపాసిటరంటారు. దాన్ని కత్తిరించి పారేసి మూడు కాళ్ల తీగ వేయడంలో ఏ సంప్రదాయానికీ భేదాభిప్రాయం లేదు.

రెండో పాదంలోని ‘దింపి’ని ముందున్న ‘తెరువుమా’తో అన్వయించరాదు, తెరవకుండా దింపడం అసాధ్యం. ‘హమ్ము మాన్పు’తోనే అన్వయించాలి. అన్వయదోషానికి ప్రాణం మీదికి రావడం మన వాఙ్మయంలో అరుదు గనుక ఇంత చెప్పవలసి వచ్చింది. ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లు ఆ వోల్టుల్ని పట్టుకొని కూర్చోగలవు. స్క్రూడ్రైవరుతో నేరుగా తగిలిస్తే నిప్పురవ్వ ఎగిరి గుండె జారుతుంది. రెసిస్టరు గుండా మెల్లగా దింపి, మీటరులో సున్నా చూశాకే వేలు పెట్టాలి. రెండో చెయ్యి జేబులో ఎందుకంటే, కరెంటు ఒక చేతి నుంచి మరో చేతికి పోయే దారిలో గుండె ఉంది.

ఇక మూడో పాదం ఈ పద్యానికి ఆయువుపట్టు. హమ్మూ చెవికి కటువే, అరుపూ కటువే. ఒకటి మాన్పమని, మరొకటి మాన్పవద్దని గురువు ఎందుకన్నాడు? ఆలంకారికులు దోషాలను నిత్యములని, అనిత్యములని విడదీశారు. శ్రుతికటువు శృంగారంలో దోషం. రౌద్రంలో అదే గుణం. హమ్ము నిత్యదోషం, ఏ రసానికీ పనికిరాదు. అమెరికా కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు. రొద 60 దగ్గర ఉంటే హీటరు తీగల్లోనో ఎర్తులోనో వెతకాలి. 120 దగ్గర ఉంటే ఫిల్టరు కెపాసిటర్లు ఎండిపోయాయన్నమాట. గిటారిస్టుకు మీటరు కూడా అక్కర్లేదు: 120 అంటే ‘బి’ స్వరానికి కాస్త దిగువ. మన దేశంలో 50 కనుక ఇదే జబ్బు 100 దగ్గర, ‘జి’కి కాస్త ఎగువన పలుకుతుంది.

అరుపు సంగతి వేరు. నాబు తిప్పేకొద్దీ 6వి6 వాల్వు తన శక్తికి మించి మోస్తుంది, తరంగాల కొనలు నలిగి చదునవుతాయి, మీటని స్వరాలు కూడా పలుకుతాయి. ఇంజనీర్లు దీన్ని డిస్టార్షనని తప్పుల పద్దులో రాశారు. 1951లో మెంఫిస్‌లో ‘రాకెట్ 88’ పాట రికార్డు చేయబోతుంటే విల్లీ కిజార్ట్ యాంపు దారిలో దెబ్బతిన్నదనీ, స్పీకరులో కాగితాలు కుక్కి వాయించారనీ ప్రతీతి. 1964 నాటికి కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ అదే గొంతు కోసం తన స్పీకరును తానే బ్లేడుతో కోసుకున్నాడు. తప్పుల పద్దులోంచి పేరు కొట్టేయక తప్పలేదు.

పాఠాంతరము. నాలుగో పాదంలో ‘పాత క్యాపు జోలి’ అని పాత సామాన్లు సేకరించేవారి ప్రతుల్లో ఉంది. మూలం చెడుతుందని వారు ఎండిన కెపాసిటరును కూడా ముట్టనివ్వరు. ఛందస్సుకు రెండు పాఠాలూ సరిపోతాయి. ఫ్యూజుకు ఒకటే సరిపోతుంది. ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటరులో తడి ఆరితే అది ఎవరి చేతిదైనా చెత్తే. వాల్వు అలా కాదు, దశాబ్దాలైనా బతికి ఉండవచ్చు. పెన్సిలు కొనతో మెల్లగా తట్టి చూడు. స్పీకరులో గంట కొట్టినట్టు మోగితే అప్పుడు మార్చు. యాంపు మూలిగిందంటే ముందు వాల్వులే కొనుక్కొచ్చే శిష్యులు ఎక్కువ కాబట్టి ‘వాల్వు’ పాఠమే గ్రాహ్యం.

పూర్వపక్షము. 16 మైక్రోఫ్యారడ్ల కెపాసిటరు తీసిన చోట 100ది వేస్తే హమ్ము ఇంకా తగ్గదా? తగ్గుతుంది. కాని స్విచ్చి వేసినప్పుడల్లా అంత కడుపు నింపలేక 5వై3 రెక్టిఫయరు వాల్వు చస్తుంది. 22 దాకా ఫర్వాలేదు.

ప్రక్షిప్తము. స్పీకరు దగ్గర నుంచి 22 వేల ఓముల రెసిస్టరు గుండా ధ్వనిలో చిటికెడు వెనక్కి వచ్చి, 12ఏఎక్స్7 వాల్వు రెండో దశను అదుపులో పెడుతుంది. దాని కాలొకటి విప్పితే అదుపు పోయి అరుపు ముందే మొదలవుతుంది, మోతా పెరుగుతుంది. ఇది మూలంలో లేని పాదం. అయినా రసపోషకం కనుక వ్యాఖ్యాత సమ్మతిస్తున్నాడు. రంధ్రం తొలిచి స్విచ్చి పెట్టడాన్ని మాత్రం సమ్మతించడు. విప్పిన కాలికి గొట్టం తొడిగి అక్కడే ఉంచితే, నచ్చనివాడు మళ్లీ అతికించుకుంటాడు.

ఫలశ్రుతి. ప్లగ్గు పీకక ముందు ఈ పద్యం చదివినవారికి ఆయుష్షు, పెట్టాక చదివినవారికి నాదం. ఛాంపు నాబు మీద అంకెలు పదితో ఆగక పన్నెండు దాకా పోతాయి. పన్నెండు దగ్గర పారాయణ చేసేవారి పక్కింటివారికి ఏ ఫలమూ చెప్పబడలేదు.