కేక మనసులో, టికెట్టు చేతిలో

2020లో కరోనా లాక్‌డౌన్ సడలిస్తూ కేంద్రం అన్‌లాక్-5 ప్రకటించింది. అక్టోబరు 15 నుంచి సినిమా హాళ్లు సగం సీట్లతో ఆడించుకోవచ్చు, వినోద పార్కులు తలుపులు తీసుకోవచ్చు అంది. పార్కుల కోసం ఆరోగ్య శాఖ అదే నెల 8వ తేదీన విడిగా ఒక నిబంధనల పత్రమే విడుదల చేసింది. మా భట్టిప్రోలు సెంటర్లో టీ కొట్టు బల్ల మీద మేం నలుగురం దాన్ని పారాయణం చేశాం. మా ఊళ్లో వినోద పార్కు లేదు. మాలో ఎవరికీ వినోద పార్కుకు వెళ్లే స్తోమతా లేదు. అయినా ప్రభుత్వం అంత కష్టపడి రాసింది కదా, ఎవరో ఒకరు చదవాలి.

పత్రానికి వంక పెట్టడానికి లేదు. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం. గేటు దగ్గర నుదుటికి గురిపెట్టే థర్మామీటరు. ఏసీ 24 డిగ్రీలకూ 30 డిగ్రీలకూ మధ్య. ఫుడ్ కోర్టులో సగం కుర్చీలు ఖాళీ. ఎక్కడబడితే అక్కడ ఉమ్మడం నిషేధం. అన్నీ బాగున్నాయి అనుకుంటుండగా ఒక వాక్యం తగిలింది. 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘకాలిక జబ్బులు ఉన్నవాళ్లు ఇంటిపట్టున ఉండడం మంచిదట.

మా నలుగురిలో ఒకడైన బాబాయ్ కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

"ఒరేయ్ అబ్బాయ్, లెక్క వెయ్యి. నాకు డెబ్భై. నేను పోయాను."

"ఆ మాట అనకు బాబాయ్, అసలే రోజులు బాగా లేవు."

"లిస్టులోంచి పోయాన్రా. మనవడికి ఏడేళ్లు, వాడూ పోయాడు. కోడలికి ఆరో నెల. మావాడికి నలభై నిండకుండానే షుగరు, దాని వెనకే బీపీ. ఇక మా ఇంట్లోంచి పార్కుకు ఎవరు వెళ్తారు?"

కాసేపు అందరం ఆలోచించాం. "కారు మాట్లాడుకుంటారుగా, ఆ డ్రైవరు వెళ్తాడు" అన్నాడు టీ కొట్టు అబ్బాయి. అతను చెప్పిందే సబబు. ఈ పత్రం ప్రకారం ఉమ్మడి కుటుంబం తరఫున జెయింట్ వీల్ ఎక్కడానికి అర్హత ఉన్నవాడు కిరాయి కారు డ్రైవరు ఒక్కడే. అతను ఎక్కి, తిరిగి, దిగి, ఎలా ఉందో మనకు చెప్పాలి. పిల్లల పార్కు తెరిచి పిల్లల్ని రావద్దనడం పెళ్లికి పిలిచి భోజనాలు లేవనడం కాదు, పెళ్లికొడుకునే రావద్దనడం.

నిజానికి మన దగ్గర పరిమిత సామర్థ్యంతో తెరుచుకున్న మొట్టమొదటి వినోద కేంద్రం ఏదో అందరికీ తెలుసు. మే 4న తెరిచిన మందు షాపు. సామాజిక దూరం కోసం నేల మీద వలయాలు గీశారు. నలభై రోజుల ఎండు తర్వాత ఆ వలయాల్లో నిలబడిన క్రమశిక్షణను ఏ స్కూలు డ్రిల్లు మాస్టారూ ఏనాడూ సాధించలేదు. సాధించలేదనే కాబోలు, విశాఖ జిల్లాలో ఆ క్యూలు చూసే డ్యూటీ టీచర్లకే వేశారు. జనం మందు తగ్గించాలని రెండు రోజుల్లో ధర 75 శాతం పెంచారు. క్యూ మాత్రం తగ్గలేదు.

అక్కణ్నుంచి తెరిచిన వరస చూడండి. మే 21న ఆర్టీసీ బస్సు, తక్కువ సీట్లతో. జూన్ 8న హోటళ్లు, మాల్స్, గుళ్లు. తిరుమలలో మూడు రోజులు ఉద్యోగులతో, స్థానికులతో సరిచూసుకుని, 11 నుంచి రోజుకు ఆరు వేల మంది చొప్పున దర్శనానికి వదిలారు. సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలు భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగాయి. అదే నెల 21న తాజ్‌మహల్ తెరిచి రోజుకు 5,000 మంది చాలన్నారు. ఆ తర్వాత పార్కులు. మరి బడి? మన రాష్ట్రంలో నవంబరు 2 అన్నారు, అదీ పెద్ద తరగతులకు ముందు. మందు, బస్సు, దేవుడు, తాజ్‌మహల్, రోలర్ కోస్టర్, ఆ తర్వాత లెక్కల క్లాసు. పరీక్షలో 'ప్రాధాన్య క్రమంలో రాయుము' అని ప్రశ్న వస్తే మా పిల్లలు ఇక తడుముకోరు.

విదేశాలవాళ్లు మనకంటే ముందే ఈ విద్యలో ఆరితేరారు. షాంఘై డిస్నీలాండ్‌ను మే 11న తెరిచినప్పుడు మామూలు జనంలో 30 శాతానికి మించరాదని అక్కడి ప్రభుత్వం గిరి గీసింది. జపాన్‌వాళ్లు ఇంకా లోతుకు వెళ్లారు. కేక వేస్తే తుంపర్లు లేస్తాయి కనుక రోలర్ కోస్టర్ మీద కేకలు వేయొద్దని అక్కడి పార్కుల సంఘం చెప్పింది. ఫుజీ-క్యూ హైలాండ్ అనే పార్కులో ఇద్దరు పెద్ద ఉద్యోగులు సూటూ బూటూ మాస్కుతో రోలర్ కోస్టర్ ఎక్కి, అది తలకిందులైనంత పని చేస్తున్నా కిక్కురుమనకుండా కూర్చున్న వీడియో ఒకటి వదిలారు. కేక మనసులోనే వేసుకోండి అని సందేశం.

ఆ వార్త చదివి బాబాయ్ పకపకా నవ్వాడు. "మనకది కొత్తా? కరెంటు బిల్లు చూసి ఎక్కడ వేస్తున్నాం కేక? ఆస్పత్రి బిల్లు చూసి ఎక్కడ వేస్తున్నాం? ఆ జపానోళ్లని మన తెనాలి పంపించమను, నేర్పుతాం."

జపాన్ హైలాండ్ సంగతి అలా ఉంచి, మన హాయ్‌లాండ్ దగ్గరికి వద్దాం. మంగళగిరి దగ్గర చినకాకానిలో, హైవే పక్కన, బౌద్ధం థీముతో కట్టిన పార్కు. స్తూపం పోలికలు, ఆ పక్కనే జారుడు బల్లలు, నీళ్లలో ఆటలు. తృష్ణే దుఃఖానికి మూలమని చెప్పిన మహానుభావుడి పేరు మీద ఇన్ని ఆటలు పెట్టడానికి గుండె ధైర్యం కావాలి.  నా బాధల్లా, నకలు స్తూపం ఉన్నచోట జనాన్ని అదుపు చేయడానికి నిబంధనలు కావాల్సి వచ్చాయి. అసలు స్తూపం ఉన్నచోట జనమే లేరు.

ఆ అసలుది మా ఊళ్లో ఉంది. విక్రమార్క కోట దిబ్బ అంటాం. రెండు వేల ఏళ్లు దాటిన మహాస్తూపం. 1892లో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రే తవ్వితే లోపల బుద్ధుడి అవశేషాలు దాచిన మూడు ధాతు కరండాలు బయటపడ్డాయి. రాతి పెట్టె, దాని లోపల బంగారు పూలు, స్ఫటికపు భరిణె, అందులో ధాతువు. మూడు పొరల మాస్కు కట్టుకోమని కరోనా రోజుల్లో టీవీలో చెప్పేవారు, మావాళ్లు బుద్ధుడికి ఎప్పుడో కట్టారు. రాళ్ల మీద కుబేరకుడనే రాజు పేరు, దానమిచ్చిన ఊరి పెద్దల పేర్లు చెక్కి ఉన్నాయి. అక్షరాల చరిత్ర రాసేవాళ్లెవరూ భట్టిప్రోలు లిపిని దాటి వెళ్లలేరు.

రే రాకముందే దొరల ఇంజనీర్లు వచ్చారు. స్తూపం ఇటుకలు రోడ్డు కంకరకు పనికొచ్చాయి, పాలరాతి పలకలు వెల్లటూరు కాలవ పనులకు పనికొచ్చాయి. మిగిలింది రే తవ్వాడు. కరండాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. ధాతువు కలకత్తాలో మహాబోధి సొసైటీ కట్టిన విహారానికి 1920లో చేరింది. అంటే బుద్ధుడు కూడా మా ఊరు విడిచి వెళ్లి నూరేళ్లు దాటింది. సామర్థ్యాన్ని ఇంతకంటే పరిమితం చేసిన పర్యాటక కేంద్రం దేశంలో ఇంకోటి చూపించండి.

ఇక నిబంధనల అమలు చూడండి. ఆరడుగుల దూరమా? మా దిబ్బ మీద ఇద్దరు సందర్శకుల మధ్య ఒక్కోసారి వారం రోజుల దూరం ఉంటుంది. గాలీ వెలుతురా? పైకప్పే లేదు. ఫుడ్ కోర్టులో రద్దీయా? ఫుడ్ కోర్టే లేదు. మరుగుదొడ్డి శుభ్రత గురించి పత్రంలో పేరాలకు పేరాలు ఉన్నాయి, అవీ మాకు వర్తించవు, ఎందుకో మీరే ఊహించండి.

పర్యాటకుడు ఇక్కడికి వచ్చే దారి మాత్రం వేరు. రేపల్లె నుంచి ఆటో ఎక్కండి. వెనక సీటులో నలుగురు, వాళ్లకెదురుగా చెక్క మీద ముగ్గురు, డ్రైవరుకు అటొకరు ఇటొకరు, కాళ్ల మధ్య అరటి గెల. ఆ రోజుల్లో డ్రైవరు మాస్కు గడ్డం కింద ఉండేది, పోలీసు కనపడగానే ముక్కు మీదికి వచ్చేది, మలుపు తిరగ్గానే మళ్లీ గడ్డం చేరేది. వైరస్ కంటే పోలీసును చూస్తేనే పనిచేసే మాస్కు అది. పార్కులో ఆరడుగులు, పార్కుకు వెళ్లే దారిలో ఆరంగుళాలు.

ఆ అక్టోబరులోనే కృష్ణకు వరద వచ్చింది. మా మండలంలో చింతమోటు లాంటి లంకల చుట్టూ నీళ్లే. పసుపు, కంద, అరటి మునిగాయి. ఈత కొలనులు క్రీడాకారుల శిక్షణకు మాత్రమే అని కేంద్రం పత్రం చెబుతుండగా, లంకల్లో ముసలీ ముతకా పడవలెక్కారు. టికెట్టు లేని ఆ వాటర్ పార్కుకు సామర్థ్య పరిమితి ఎవరూ రాయలేదు. పడవలో ఎంతమంది, ఎన్ని అడుగుల దూరం అని ఎవరూ కొలవలేదు.

అప్పటికి రాష్ట్రంలో కరోనా కేసులు ఎనిమిది లక్షలు దాటాయి. జబ్బు ఆషామాషీది కాదు, జాగ్రత్తలూ తప్పు కాదు. ఆ పత్రంలో రాసినవాటిలో చాలావరకు మంచివే. కానీ మనుషుల్ని లెక్కపెట్టే పని టికెట్టు చింపేచోటే మొదలై అక్కడే ముగిసింది. టికెట్టు కొన్నవాడి ప్రాణానికి ఆరడుగులు కేటాయించిన ప్రభుత్వం, ఆటో ఎక్కినవాడికి, పడవ ఎక్కినవాడికి కనీసం మూడడుగులైనా కేటాయించాల్సింది. అదనంగా రెండు బస్సులు, రెండు పడవలు వేసి ఉంటే సరిపోయేది, అందుకు ప్రత్యేక పత్రం అక్కర్లేదు.

పర్యాటక శాఖవారికి ఇంకో మనవి. అన్నీ తెరిచారు కదా, మూసినా తెరిచినా ఎవరికీ తెలియని మా దిబ్బను కూడా ఒకసారి తెరవండి. ఏది ఎప్పటిదో చెప్పే బోర్డు ఒకటి, తాగే నీళ్లు, ఒక మరుగుదొడ్డి. పాఠకులూ రండి. పదేళ్లలోపు పిల్లలకూ చూపించండి, స్తూపం ఎక్కడికీ పోదు. పోవాల్సినదంతా ఎప్పుడో పోయింది.