రెసిడెంట్ ఈవిల్ 3 రీమేక్‌కి స్తోత్రం

రెసిడెంట్ ఈవిల్ 3 రీమేకూ, నీ మొదటి పావుగంటకు సాటి వచ్చే హారర్ గేములు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కథానాయిక జిల్ వాలెంటైన్ ఇంట్లో ఫోన్ మోగుతుంది. ఎత్తి రెండు మాటలు వినేలోగా గోడ బద్దలుకొట్టుకుని, ఆమెను వేటాడే రాక్షసుడు నెమెసిస్ వచ్చిపడతాడు. ఆ తర్వాత రాకూన్ సిటీ: నియాన్ బోర్డుల వెలుగు, మంటలు, షట్టర్లు దించిన దుకాణాలు. ప్రతి సందులోకీ తొంగిచూడాలనిపించేలా కట్టావు ఆ ఊరిని. అంత బాగా కట్టావు కాబట్టే, అక్కడ మమ్మల్ని ఇంత తక్కువసేపు ఉంచినందుకు బాధ.

తొలిసారి ఆడితే ఐదారు గంటల్లో ముగుస్తావు. అది తప్పనను. సాగదీస్తే భయం చిక్కదనం పోతుంది, నువ్వు ఎక్కడా సాగదీయలేదు. ఆస్పత్రిలో జిల్‌కి తోడైన కార్లోస్ ఒంటరిగా జాంబీల గుంపును అడ్డుకునే ఘట్టం ఎంత బిగువుగా నడిపావో! అయితే 2020లో నీ ధర 60 డాలర్లు. ఐదారు గంటల ఆటకు అంత పెట్టినవాడు మళ్ళీ మళ్ళీ ఆడుకోవచ్చన్న ధీమాతోనే పెడతాడు. అలా తిరిగొచ్చినవాడి కోసం ఏం దాచావు?

1999లో నీ కన్నతల్లి, అసలు రెసిడెంట్ ఈవిల్ 3, చాలా దాచింది. పోలీస్ స్టేషన్ గేటు ముందు నెమెసిస్ ఎదురైతే ఆట మనల్ని అడిగేది: పోరాడతావా, లోపలికి పరిగెత్తుతావా? రెస్టారెంట్‌కి ముందు వెళ్తే కార్లోస్ అక్కడ కలిసేవాడు, పత్రికాఫీసుకి ముందు వెళ్తే అక్కడ. ఎంచుకున్నదాన్ని బట్టి ముగింపూ కొంత మారేది. పూర్తిచేసిన ప్రతిసారీ ఎనిమిది ఉపసంహారాల్లో ఒకటి తెరుచుకునేది. మెర్సెనరీస్ అనే వేరే ఆట దానికి అదనం.

నువ్వు ఆ ఎంపికలన్నీ తీసేసి, ఎక్కడా తొట్రుపడని ఒకే పరుగుగా కథ నడిపావు. ఆ పరుగు నిజంగా అద్భుతం. గోడ కూలాల్సిన క్షణంలోనే కూలుతుంది. రెండోసారీ అదే క్షణంలో కూలుతుంది, మూడోసారీ అంతే. నెమెసిస్‌ని ఎంత భీకరంగా తీర్చిదిద్దావు! పారిపోయేవాళ్ళ తలమీదుగా దూకి దారికడ్డం నిలబడతాడు. అంతటివాడికి తనంతట తాను వెంటాడే స్వేచ్ఛ ఇచ్చింది మాత్రం నగర వీధుల్లో కాసేపే. ఆపైన వాడు ఎక్కడ వస్తాడో, ఎటు పోతాడో ముందే రాసిపెట్టేశావు. పాత ఆటలో లోపలంతా తిరిగిన క్లాక్ టవర్ నీలో ముందున్న ఆవరణకే పరిమితమైంది. ఆ ఆవరణలో జరిగే పోరు గొప్పదే, కాదనను. లోపలికి దారి లేదు.

న్యాయంగా చెప్పాలంటే నైట్‌మేర్, ఇన్ఫర్నో స్థాయిల్లో శత్రువులనూ వస్తువులనూ చోటు మార్చావు. నీలో మళ్ళీ ఆడదగ్గది అదే, ఇంకా కావాలనిపించింది కూడా అదే. మిగతాదంతా కాలంతో పందెం. రెండు గంటల్లోపు ముగించమంటావు. అందులో ఆనందం ఉంది, ఆడి చూశాను, ఒప్పుకుంటాను. అయితే అది మూలమలుపు దగ్గర గుండె ఝల్లుమనే ఆనందం కాదు. పైగా పాయింట్లు కూడబెడితే గుళ్ళు అయిపోని రాకెట్ లాంచర్ కూడా ఇచ్చావు. అది చేతిలో ఉన్నవాడు నెమెసిస్‌ని చూసి ఎందుకు భయపడతాడు? రెజిస్టెన్స్ అంటూ జోడించిన ఆన్‌లైన్ ఆటకు ఇంకా నలుగురు కావాలి. జిల్ రాత్రికి దానివల్ల ఒక్క కొత్త తలుపూ తెరుచుకోదు.

నీకు ఏడాది ముందే, 2019లో, క్యాప్‌కామ్ రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ తెచ్చింది. అందులో పోలీస్ స్టేషన్ గదుల్లో దాక్కున్నా, వెంటాడే రాక్షసుడు మిస్టర్ ఎక్స్ అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఎటునుంచి వస్తాడో తెలియదు. ఒక పాత్ర లియోన్‌తో ముగించి రెండో పాత్ర క్లెయిర్‌తో మళ్ళీ మొదలుపెట్టినా అంతే. కాబట్టి మీ ఇంట్లో ఇది చేతకాని పనేం కాదు. నీ చేతిలో ఎంత సత్తా ఉందో ఆ మొదటి పావుగంటే చెబుతోంది. అది చూసే అడుగుతున్నాను: నెమెసిస్‌ని ఎందుకు కట్టేశావు?