ఏడు ప్రశ్నల కాగితాన్ని నేను

ఆందోళనను కొలిచే ఏడు ప్రశ్నల కాగితాన్ని నేను. డాక్టర్లు జీఏడీ-7 అంటారు. రాబర్ట్ స్పిట్జర్, ఆయన సహచరులు 2006లో అమెరికాలో నన్ను లోకానికి పరిచయం చేశారు. అక్కడి 15 క్లినిక్‌లలో 2,740 మంది నన్ను నింపారు. వారిలో 965 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు ఫోన్‌లో విడిగా మాట్లాడి నా లెక్క సరిపోయిందో లేదో చూశారు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు, మొత్తం 21 మార్కులు. పది, ఆపైన వస్తే డాక్టరు చూడాలి. ఆ గీత దగ్గర జబ్బున్న నూరుమందిలో 89 మందిని పట్టుకున్నాను, లేని నూరుమందిలో 82 మందిని సరిగ్గా వదిలేశాను. నాకున్న విలువంతా ఆ ఫోన్ మాటలతో వచ్చిందే. నన్ను తెలుగులో అచ్చేసి ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో పంచితే ప్రశ్నలు మాత్రమే వస్తాయి, వాటితో పాటు ఆ పది అనే గీత రాదు.

ఖమ్మం మార్కెట్‌కు మిర్చి బస్తాలు వేసుకొచ్చి ధర కోసం కాచుకున్న రైతు సంగతి చూడండి. ఏదో ఘోరం జరగబోతోందన్న భయం ఉందా అన్నది నా ఏడో ప్రశ్న. అప్పు గడువు దగ్గరపడ్డ మనిషి 'దాదాపు రోజూ' అంటాడు, మూడు పడతాయి. అది జబ్బో, బతుకు బరువో నాకు తెలియదు. గుండె దడ, తలపోటు, కడుపులో మంట అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళే ఆవిడను ఆ మాటలేవీ నేను అడగను. ఆవిడ ఆరు దగ్గరే ఆగిపోవచ్చు. ఈ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఎందుకంటే నష్టపోయేది ఇద్దరు వేర్వేరు మనుషులు.

మనసు ఎక్కడైనా ఒకటే కదా అంటారు. ఒప్పుకుంటాను. కానీ నేను కొలిచేది మనసును కాదు, మనిషి నోటితో చెప్పినదాన్ని. ఖమ్మం ప్రాంతానికి ఆనుకుని ఉన్న అప్పటి పశ్చిమ గోదావరి ఏజెన్సీలో 30 గిరిజన గ్రామాల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ కార్యక్రమం నన్ను, కుంగుబాటును అడిగే పీహెచ్‌క్యూ-9ను ఆశా కార్యకర్తల ట్యాబ్లెట్లలో పెట్టింది. సుమారు 5 వేల మందిని అడిగితే 238 మందికి సమస్య ఉండొచ్చని తేలింది. వైద్యం దాకా వెళ్ళినవాళ్ళు పెరిగారు. ఏళ్ళ తరబడి ఎవరూ అడగని చోట ఇది చిన్న మేలు కాదు. పనిచేసింది కదా, ఇంకా పరీక్షలెందుకు అని అడిగేవాళ్ళకు నా జవాబొక్కటే: 238 అన్న అంకె మేం ఎవరిని చూపించామో చెబుతుంది, ఎవరిని వదిలేశామో చెప్పదు.

అయితే గీతను కాస్త దించితే సరిపోదా? లెక్క వేద్దాం. వెయ్యి మందిలో 50 మందికి జబ్బుందనుకోండి. అమెరికా లెక్క ఇక్కడ యథాతథంగా నిలిచినా దాదాపు 44 మందిని పట్టుకుంటాను, మిగతా 950లో 171 మందిని అనవసరంగా పంపిస్తాను. అంటే వరుసలో నిలబడ్డ ఐదుగురిలో నలుగురికి జబ్బుండదు. గుడ్డిగా దించితే ఆ వరుస ఇంకా పెరుగుతుంది, చూసే పీహెచ్‌సీ డాక్టరు మాత్రం ఒక్కరే. కాబట్టి మూడు, తొమ్మిది, పదిహేను వచ్చినవాళ్ళందరిలోంచీ కొందరిని, నా మార్కు తెలియని సైకియాట్రిస్టు కూర్చోబెట్టి వాళ్ళ మాటలోనే మాట్లాడాలి. అప్పుడు గీత ఎనిమిది దగ్గర పడుతుందో, పన్నెండు దగ్గరో తేలుతుంది. అందాకా నన్ను మూలన పడెయ్యమనను, తక్కువ మార్కు చూసి 'మీకేం లేదు' అని ఎవరినీ ఇంటికి పంపొద్దంటాను. భద్రాచలం వైపు ఇంట్లో కోయ మాట్లాడేవాళ్ళతో ఈ పనంతా మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలి, ఖమ్మంలో తేలిన అంకె వాళ్ళకు చెల్లదు.