రెండు చెవుల నడుమ: ఒక గుడ్లగూబ ఆత్మకథ

నా చెవులు రెండూ ఒకే ఎత్తులో లేవు. ఎడమ చెవి రంధ్రం కాస్త పైన ఉండి కిందికి తిరిగి ఉంటుంది, కుడిది కాస్త కింద ఉండి పైకి తిరిగి ఉంటుంది. ముఖం మీది ఈకలు పక్కకు తప్పిస్తే తప్ప ఈ సంగతి ఎవరి కంటా పడదు. బయటికి కనపడేదల్లా గుండ్రంగా మొదలై కింద మొనదేలిన తెల్లటి ముఖం, అందులో రెండు నల్లటి కళ్లు. ఆ ముఖం చూసి మనుషులు జడుసుకుంటారు. ఇంటి మీద వాలి అరిస్తే ఆ ఇంట్లో చావు తప్పదంటారు. నేను వచ్చేది ఆ ఇంటి ధాన్యం కోసం వచ్చిన ఎలుక కోసం. ఆ ఎలుక ఎక్కడుందో కనిపెట్టడంలోనే నా బతుకంతా గడిచింది.

పుట్టింది గోదావరి డెల్టాలో, మూతబడిన ఓ బియ్యం మిల్లులో, పైకప్పు కింద గోడ గూట్లో. చుట్టూ వరి చేలు. సార్వా కోతలయి కుప్పలు వేసినప్పుడూ, దాళ్వా చేలు పొట్టకొచ్చినప్పుడూ ఎలుకలు రెచ్చిపోతాయి. గట్లకు బొరియలు చేసి, దుబ్బులు కొరికి, కంకులు లోపలికి లాక్కుపోతాయి. పొద్దున్నే చేలోకొచ్చిన రైతుకు కొరికిన దుబ్బులు కనపడతాయి గాని ఎలుక కనపడదు. అది తిరిగేది నా వేళలో.

అమావాస్య రాత్రి గట్టు పక్కన తుమ్మ మోడు మీద కూర్చుంటాను. ఎండుగడ్డిలో చిన్న అలికిడి. ముఖం అటు తిప్పుతాను. నా కళ్లు గుంటల్లో దాదాపు కదలవు, చూపు మరల్చాలంటే తలే తిప్పాలి. అందుకే మీ మెడలో ఏడు పూసలుంటే నా మెడలో 14. మొదటి అలికిడికే దూకను. రెండోదాని కోసం ఆగుతాను. అది వినపడేసరికి ముఖం సరిగ్గా దానికెదురుగా సర్దుకుంటుంది, అప్పుడు మోడు వదులుతాను. రెక్క ముందంచుకు సన్నటి కుచ్చులున్నాయి, రెక్క పైన మెత్తటి నూగు ఉంది. వాటివల్ల గాలి చప్పుడు చెయ్యకుండా జారిపోతుంది. ఎలుకకు నేను వినపడకపోవడం ఒక లాభం. నా రెక్కల చప్పుడు ఎలుక చప్పుణ్ని మింగెయ్యకపోవడం రెండో లాభం, నాకైతే ఇదే పెద్దది. చివరి క్షణంలో తల వెనక్కి తీసి, అంతవరకూ తల సాగిన దారిలోకే కాళ్లు చాపి గోళ్లు విప్పుతాను. గురిలో తేడా ఒకటి రెండు డిగ్రీలు మించదు.

ఇదంతా చెవి పనేనని తేల్చిన మనిషి రోజర్ పేన్. తర్వాతి కాలంలో తిమింగలాల పాటల మీద పనిచేసి లోకమంతటికీ తెలిశాడు. అంతకుముందు అమెరికాలో, చిమ్మచీకటి చేసిన గదిలో నేల మీద ఎండుటాకులు పరిచి మా జాతి పక్షిని కూర్చోబెట్టాడు. వదిలిన ఎలుకను అది ఆ చీకట్లోనే పట్టింది. వాసన పట్టిందేమో, ఎలుక ఒంటి వేడి తెలిసిందేమో అన్న అనుమానం తీరాలి కదా. ఎలుకంత కాగితపు ఉండకు దారం కట్టి ఆకుల్లోంచి లాగాడు. గూబ వచ్చి ఆ కాగితం మీద పడింది.

చెవి పనేనని తేలింది సరే, అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కంటి వెనక పొర మీద లోకం బొమ్మగా పడుతుంది. ఎడమన ఉన్నది ఒకచోట పడితే కుడిన ఉన్నది ఇంకోచోట పడుతుంది. చెవిలో అటువంటి బొమ్మ లేదు. లోపలి చెవి చప్పుణ్ని శ్రుతిని బట్టి విడదీస్తుంది, కీచుదనం ఒక చోటికి, బొంగురుదనం ఇంకో చోటికి. ఎలుక తూర్పున ఉందా పడమరన ఉందా అన్న కబురు ఏ ఒక్క చెవిలోనూ లేదు. చోటు అనేదాన్ని మెదడు లెక్కగట్టి తయారు చేసుకోవాల్సిందే.

ఆ లెక్కకు మొదటి ఆధారం కాలం. కుడివైపు చప్పుడు కుడి చెవికి ముందు, ఎడమ చెవికి ఆ తర్వాత చేరుతుంది. నా తల చిన్నది, చెవుల మధ్య దూరం అయిదారు సెంటీమీటర్లు. చప్పుడు ఆ దూరం దాటడానికి పట్టేది ఎంత? ఎలుక పూర్తిగా ఒక పక్కనే ఉన్నా రెండు చెవులకూ తేడా సెకనులో అయిదువేలో వంతుకు అటూ ఇటూ. ఎలుక ఒక డిగ్రీ జరిగితే ఆ తేడాలో వచ్చే మార్పు రెండు మూడు మైక్రోసెకన్లు, అంటే సెకనును పది లక్షల ముక్కలు చేస్తే రెండు మూడు ముక్కలు. మెదడులోని నరకణం ఒక్కసారి స్పందించి సర్దుకోవడానికే దాదాపు వెయ్యి ముక్కలు కావాలి. అంత మొద్దు పనిముట్టుతో ఇంత సన్నటి కొలత ఎలా సాధ్యం?

దీనికి జవాబు మా మెదడు తెరవక ముందే కాగితం మీద ఊహించినవాడు లాయిడ్ జెఫ్రెస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, 1948లో. ఊళ్లో ఒకే వీధికి రెండు కొసల నుంచి రెండు ఊరేగింపులు బయల్దేరాయనుకోండి. ఒకే క్షణంలో బయల్దేరితే నడివీధిలో ఎదురుపడతాయి. తూర్పుది ముందు బయల్దేరితే ఎదురుపడే చోటు పడమటి కొసకు జరుగుతుంది. అరుగు మీద కూర్చున్నవాళ్లకు గడియారం అక్కర్లేదు. తమ గుమ్మం ముందు రెండూ కలిశాయా లేదా అన్నది చూస్తే చాలు. ఎవరి గుమ్మం ముందు కలిశాయో తెలిస్తే, ఏది ఎంత ముందు బయల్దేరిందో తెలిసినట్టే. 1988లో కేథరిన్ కార్, మసకాజు కొనిషి మా మెదడు కాండంలో ఆ వీధిని కళ్లారా చూశారు. దాని పేరు న్యూక్లియస్ లామినారిస్. ఎడమ చెవి నరాల తీగలు ఒక పక్కనుంచి, కుడి చెవివి ఎదురుపక్కనుంచి అందులోకి సాగుతాయి. ఆ దారి పొడవునా ఉన్న కణాల్లో, రెండు కబుర్లూ ఒకేసారి అందిన కణమే గట్టిగా స్పందిస్తుంది. కాలం అక్కడ చోటుగా మారుతుంది.

కుడి ఎడమలకు ఇది సరిపోతుంది. ఎత్తు సంగతి చూడాలంటే నా వంకర చెవుల దగ్గరికి రావాలి. పైనుంచి వచ్చే చప్పుడు కుడి చెవికి గట్టిగా వినపడుతుంది, కిందనుంచి వచ్చేది ఎడమ చెవికి. ముఖం చుట్టూ ఉన్న బిరుసు ఈకలు చప్పుణ్ని పోగుచేసి ఆ తేడాను పెంచుతాయి. వాటిని కత్తిరించి చూశారు కూడా, గూబకు ఎత్తు అంచనా దెబ్బతింది. కాలం లెక్కకు ఒక దారి, గట్టిదనం లెక్కకు ఇంకో దారి, రెండూ మెదడు కాండంలో విడివిడిగా నడుస్తాయి. 1984లో కొనిషి బృందం ఒక దారిని మత్తుమందుతో తిమ్మిరెక్కించి చూస్తే రెండో దారి చెక్కుచెదరకుండా పనిచేసింది.

విడిపోయిన దారులు మధ్య మెదడులో కలుస్తాయి. ఆ కలయిక ఎలాంటిదో తలచుకుంటే నా మెదడు మీద నాకే గౌరవం పెరుగుతుంది. 2001లో హోసె పేన్యా, కొనిషి చూపించినదాన్నిబట్టి అక్కడి కణం ఆ రెండు లెక్కల్నీ కూడదు, గుణిస్తుంది. కూడితే ఒకటి ఎక్కువై రెండోది లేకపోయినా కణం మోసపోవచ్చు. గుణకారంలో ఏ ఒక్కటి సున్నా అయినా మొత్తం సున్నా. కుడి ఎడమల లెక్క సరిపోయి ఎత్తు లెక్క సరిపోకపోతే ఆ కణం నోరెత్తదు. రెండూ సరిపోయిన చోట మాత్రమే పలుకుతుంది.

ఇలా ఒక్కో కణానికి ఒక్కో చోటు. ఎరిక్ నూడ్సన్, కొనిషి 1978లో దీన్ని బయటపెట్టారు. ప్రతిధ్వని లేని గదిలో గూబ చుట్టూ స్పీకరును తిప్పుతూ కణాల స్పందన వింటే, ఒక్కోటి తనకంటూ ఉన్న చిన్న మేరలోంచి చప్పుడొస్తేనే స్పందించింది. పక్కపక్క కణాలు పక్కపక్క చోట్లవి. చెవిలో ఎక్కడా లేని పటాన్ని మెదడు సొంతంగా గీసుకుందన్నమాట.

ఆ పటం వెళ్లి చూపు పటం మీద సరిగ్గా పరుచుకుంటుంది. కన్ను చూసిన చోటూ చెవి విన్న చోటూ ఒకే కణాల గుంపులో కలుస్తాయి. అక్కడ ఒక బిందువు దగ్గర సన్నటి కరెంటు ఇస్తే, వెలుతురూ చప్పుడూ లేకపోయినా గూబ తల ఆ బిందువు చూపే దిక్కుకే తిరుగుతుంది. విన్నది పనిగా మారే గడప అదే. అలికిడికి నా మెడ తిరిగేది నేను ఆలోచించి తిప్పడం వల్ల కాదు.

వానాకాలం రాత్రులు మాత్రం ఆ గడప దగ్గర రద్దీ. చేల నిండా కప్పల బెకబెక, కాలవ గట్టున నీళ్లింజను, దూరాన రోడ్డు మీద లారీ. అన్నిటికీ మెడ తిరిగితే నేను ఆకలితో పోతాను. అందుకే మధ్య మెదడులో కణాలు పోటీ పడతాయి. గెలిచిన చోటు మిగతా చోట్లను అణచివేస్తుంది. నేను ఒక దిక్కు మీద ధ్యాస పెడితే ముందు మెదడు నుంచి ఆ దిక్కు కణాలకు అదనపు బలం అందుతుంది. నూడ్సన్ బృందం దీన్ని మా జాతిలోనే చూపించింది. ధ్యాస అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునేవారు మా జాతి మీద జరిగిన ఈ పని చదవాలి.

ఇన్ని చెప్పినా, తల్లిగా నాకు అన్నిటికంటే ముఖ్యమైంది వేరే ఉంది. ఈ పటం గుడ్డులో సిద్ధమై రాదు. పిల్ల తల చిన్నది. తల పెరిగేకొద్దీ చెవుల మధ్య దూరం పెరుగుతుంది, ముఖం ఈకలు మొలుస్తాయి, ఏ తేడా ఏ చోటికి గుర్తో రోజురోజుకూ మారిపోతుంది. పుట్టుకతోనే పట్టిక రాసి ఇస్తే అది నెల తిరక్కుండానే తప్పవుతుంది. అందుకే పిల్ల ఆ పటాన్ని బతుకుతూ దిద్దుకుంటుంది. చప్పుడు వినపడ్డ వైపు చూస్తుంది, అక్కడ ఏముందో కన్ను చెబుతుంది, చెవి లెక్క సర్దుకుంటుంది.

నూడ్సన్ స్టాన్‌ఫర్డ్‌లో పిల్ల గూబలకు పట్టకాల కళ్లద్దాలు తగిలించాడు. వాటిలోంచి లోకం 23 డిగ్రీలు పక్కకు జరిగి కనపడుతుంది. మొదట్లో వాటికి విన్నచోటు వేరు, చూసినచోటు వేరు. కొన్ని వారాలకు చెవి పటమే జరిగి కంటి పటంతో కలిసింది. మెదడులో కొత్త తీగలు మొలిచాయి. పాత తీగలు చెరిగిపోలేదు, వాటి మాట పైకి రాకుండా నిరోధక కణాలు నొక్కిపట్టాయి. అద్దాలు తీసేశాక పాత లెక్క తిరిగొచ్చింది. పెద్ద గూబలకు అవే అద్దాలు పెడితే పటం పెద్దగా కదల్లేదు. అయితే 2002లో అద్దాల బలం కొద్దికొద్దిగా పెంచుతూ పోతే పెద్దవీ నేర్చుకున్నాయి. 2005లో తేలిందేమంటే, చచ్చిన ఎలుకలు తిని కూర్చున్నవాటికంటే ప్రాణమున్న ఎలుకల్ని వేటాడిన పెద్ద గూబలు ఎక్కువ నేర్చాయి. ఆ అద్దాలు మోసిన పిల్లలు నా దూరపు బంధువులు. వాటి గురి తప్పిన రోజుల గురించి ఆలోచిస్తే నా కడుపు తరుక్కుపోతుంది. వాటివల్లే చిన్నతనం మెదడుకు ఏమి చేస్తుందో లోకానికి ఇంత వివరంగా తెలిసిందన్నదీ నిజం. కొనిషికీ నూడ్సన్‌కూ 2005లో గ్రూబర్ బహుమతి వచ్చింది.

నా పిల్లలకు ఈ దిద్దుబాటంతా మిల్లు గూట్లోనే జరుగుతుంది. తల పూర్తిగా ఎదిగి ఎగరడం నేర్చేసరికి దాదాపు రెండు నెలలు. ఆ రోజుల్లో తోపులాటలో ఒక పిల్ల కింద పడటం మామూలే. అప్పుడు మనుషులు చేసే పనులు రెండు. రాళ్లేసి చంపడం ఒకటి, జాలిపడి ఇంటికి పట్టుకుపోయి పంజరంలో పెట్టడం ఇంకొకటి. వేట నేర్వాల్సిన వయసు పంజరంలో గడిచిపోతే ఆ పిల్లను తర్వాత వదిలినా బతకడం కష్టం. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్న మాట నమ్మకండి, మాకు వాసన పట్టింపు లేదు. కాని నేలమీద పడ్డ పిల్లకు మేం తిండి తెచ్చి పెట్టడం దాదాపు ఉండదు, గూట్లోంచి అరిచే నోటికే పెడతాం.

కాబట్టి గుడ్లగూబ పిల్ల కింద కనపడితే, దెబ్బలేమీ లేవని చూసుకుని, తువ్వాలు కప్పి పట్టుకుని, చీకటి పడేలోపు అదే గూట్లో పెట్టండి. గూడు అందకపోయినా, పిల్లకు దెబ్బ తగిలినా అటవీశాఖ వాళ్లకు కబురు చెయ్యండి. ఇంట్లో ఉంచుకోకండి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.